సైరన్ కూస్తే రాజు మారేవాడు

మా కాలనీలో నా చిన్నప్పుడు ఒక్కొక్క వేషానికి ముగ్గురు మనుషులు ఉండేవాళ్లు. ఇది చెబితే మా మనవడు నవ్వుతాడు. ఒక రాజ్యానికి ముగ్గురు రాజులా అమ్మమ్మా అంటాడు. నవ్వనీ. వాడు చేసేది కాంట్రాక్టు పని. దానికి షిఫ్టూ లేదు, వేళా లేదు, రేపు ఉంటుందన్న నమ్మకమూ లేదు. వాడికి మా లెక్క ఎట్లా అర్థమవుతుంది? మా గోదావరిఖనిలో అప్పుడు అందరి బతుకూ బాయి మీదే నడిచేది. బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు బావి. పొద్దున దిగేవాళ్లు కొందరు, మధ్యాహ్నం దిగేవాళ్లు కొందరు, రాత్రికి దిగేవాళ్లు కొందరు. ఎప్పుడు చూసినా కాలనీ మగవాళ్లలో కొంతమంది భూమి కిందే ఉండేవాళ్లు. మరి ఆట ఆడాలంటే ఎట్లా? ఆట మొదలయ్యే వేళకు రాజు లోపల బొగ్గు ఎత్తుతూ ఉంటే?

అందుకని మా వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. మాది చిరుతల ఆట. గజ్జెలు కట్టిన చెక్కముక్కలను వేళ్ల మధ్య ఆడిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ కథ నడుపుతారు. బతకడానికి వచ్చిన జనం మూటాముల్లెతో పాటు తమ పల్లెల నుంచి దాన్ని కూడా తెచ్చుకున్నారు. ప్రతి ఎండాకాలం కాలనీ మధ్య పందిరి వేసి, పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళకు ముగించేవాళ్లు. ప్రతి వేషాన్నీ షిఫ్టుకు ఒకరు చొప్పున ముగ్గురు నేర్చుకునేవాళ్లు. ఆట సగంలో ఉండగా మధ్యాహ్నం సైరన్ కూసేది. కూయగానే డ్యూటీకి పోవలసిన రాజు, చరణం మధ్యలో ఉన్నా సరే, కిరీటం తీసి చాచిన చేతుల మీద పెట్టుకుని నిలబడేవాడు. పొద్దున దిగి పైకి వచ్చిన రాజు మొహం మీద బొగ్గుతోనే వచ్చి, అతని కాళ్లకు మొక్కి దాన్ని అందుకునేవాడు. అది అట్టముక్కకు బంగారు కాగితం అంటించిన కిరీటమే. అయినా ఒకసారి తీసిన కిరీటాన్ని నేల మీద పెట్టకూడదు, తీసినవాడు మళ్లీ పెట్టుకోకూడదు. చేతిలో నుంచి చేతిలోకే పోవాలి. అది మా వాళ్ల కట్టుబాటు.

దిగిపోయిన రాజుకు రంగు కడుక్కునే తీరిక ఉండేది కాదు. బుగ్గల మీద ఎర్రరంగుతో, నుదుట నామంతో అట్లాగే బాయి మీదికి ఉరికేవాడు. లోపల తోటివాళ్లు ఊరుకుంటారా? రాజుగారు మా తట్టలు కూడా ఎత్తుతరా అని ఆడుకునేవాళ్లు. మా బాపు ఇంటికి వచ్చి అవన్నీ చెబుతుంటే మా అమ్మ పళ్లెం ముందు కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేది. ఆమె అట్లా నవ్వగా నేను చూసిన రోజులు అవే.

మా బాపు ఒక రాజు. రెండో రాజు మా మేనమామ, మా అమ్మకు సొంత తమ్ముడు. మూడో ఆయన రాత్రి షిఫ్టు రాజు, పక్క లైనులో ఉండేవాడు. వీళ్లందరినీ నడిపించేది హార్మోనియం చిచ్చా. ఆయన బాయి మీద ల్యాంపు రూములో పనిచేసేవాడు. బాయి దిగే ప్రతి మనిషికీ దీపం అందించేది ఆయనే. ఇంట్లో ఉర్దూ, పెట్టె ముందు కూర్చుంటే మా అందరికంటే మంచి తెలుగు. ఒక రాజు పోయి ఇంకో రాజు వచ్చేదాకా మధ్యలో ఖాళీ వస్తుంది కదా, అప్పుడు చిచ్చా అదే చరణాన్ని తిప్పి తిప్పి వాయిస్తూ ఉండేవాడు. రావలసినవాడు కాస్త ఆలస్యమైనా హార్మోనియం మాత్రం ఆగేది కాదు.

కథ కూడా మా వాళ్లు అల్లుకున్నదే. కరువు వచ్చిన రాజ్యంలో రాజు తన కోట వదిలి, చేతిలో సోల పట్టుకుని, జనం కోసం ఇంటింటికీ గింజలు అడుక్కుంటూ తిరుగుతాడు. ‘ఏ ఇంట్ల పొయ్యెలిగె ఓ యవ్వలార, నా సోలె నింపుండ్రి ఓ అయ్యలార’ అని మా బాపు ఎత్తుకుంటే ముందు వరుసలో ఆడవాళ్లు కొంగుతో ముక్కులు తుడుచుకునేవాళ్లు. ఏటా చూసిన ఆటే, ఏటా అదే ఏడుపు.

ఒక ఏడు ఎండాకాలానికి ముందు సమ్మె వచ్చింది. కాలనీ అంతా ఇళ్లలో కూర్చుంది. సంఘం నాయకుడు ఒకాయన బల్ల మీద నిలబడి, చివరి మనిషి దాకా మీతోనే ఉంటానని చేయి పైకెత్తి ఒట్టు పెట్టాడు. మా బాపు ఆ మాటను దేవుడి మాటగా తీసుకున్నాడు. గేటు దగ్గర ముందు వరుసలో నిలబడి గొంతు పోయేలా అరిచాడు. రోజులు గడిచాయి. పొయ్యిలు చల్లబడ్డాయి. మా మామ ఇంట్లో చంటిపిల్ల ఉండేది, దానికి పాలు లేవు. ఒక పొద్దున మామ తల వంచుకుని బాయి దిగిపోయాడు. ఆయన నడిచిన దారిలో జనం ఉమ్మేశారు. ఆ ఉమ్మినవాళ్లలో మా ఇంటివాళ్లు కూడా ఉన్నారు, ఎవరన్నది ఇప్పుడు చెప్పి ఏం లాభం.

కొన్నాళ్లకు ఆ నాయకుడు పట్నం నుంచి మెడలో దండతో దిగాడు. ఒప్పందం అయిపోయింది, అందరూ పనిలోకి దిగండని చెప్పాడు. ఏం ఒప్పందమో ఎవరికీ అర్థం కాలేదు. గేటు ముందు గట్టిగా అరిచినవాళ్లను మాత్రం మళ్లీ తీసుకోలేదు. మా బాపు పని అట్లా పోయింది. ఎండాకాలం అయ్యేసరికి క్వార్టరు ఖాళీ చేయమన్నారు. ఆ నాయకుడికి తర్వాత జీపు వచ్చింది, జెండా రంగు కూడా మారింది. నమ్మి నిలబడినవాడు రోడ్డున పడ్డాడు, నమ్మకం అమ్ముకున్నవాడు పెద్దమనిషయ్యాడు. నాకు ఇప్పుడు ఇంత వయసు వచ్చింది, ఆ తర్వాత నేను చూసిన దేశమంతా ఇంచుమించు ఇదే కథ.

ఆ ఏడు ఆట వద్దన్నారు పెద్దలు. ఏ మొహం పెట్టుకుని ఆడతామన్నారు. చిచ్చా ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్క ఏడు ఆగితే మళ్లీ లేవదని బతిమాలాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. సమ్మె విరిచినవాడి చెయ్యి కిరీటానికి తగలకూడదు. అంటే మా మామ పందిరిలోకి రాకూడదు. రాత్రి షిఫ్టు రాజును అప్పటికే బెల్లంపల్లి బాయికి మార్చారు. ఇక మిగిలింది మా బాపు ఒక్కడే. ఆట మొత్తం ఒక్కడివే మోయగలవా అని అడిగితే మా బాపు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

“నాకేం డ్యూటీ ఉన్నది చిచ్చా,” అన్నాడు, “ఇగ దినమంత రాజునే.”

చిచ్చా అన్నిటికీ తలూపాడు. మా అమ్మకు అదే అనుమానం. ఈ ముసలాయన ఇంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదే అనుకుంది. తమ్ముడు పంపిన బియ్యం మూటను వెనక్కి పంపేసిన మనిషి ఆమె. తమ్ముడి పేరు ఎత్తితే లేచి అవతలికి పోయేది. అటు తోడబుట్టినవాడు, ఇటు కట్టుకున్నవాడు. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేసేదో నాకు తెలుసు, కానీ మాకు కనిపించేలా మాత్రం ఏడ్చేది కాదు.

ఆట రోజు ఎండ మండిపోతోంది. పందిరి తాటాకుల సందుల్లో నుంచి కూడా వేడి దిగుతోంది. మా బాపు ఆ రోజు పాడినట్టు అంతకు ముందు ఎన్నడూ పాడలేదు. సమ్మెలో అరిచి అరిచి జీరపోయిన గొంతు, ఆ జీరే పాటకు కలిసి వచ్చింది. కరువు గురించి పాడుతుంటే ఆ ఏడు జనానికి అది కథ కాలేదు. వాళ్ల పొయ్యిలు వాళ్లకు గుర్తుకొచ్చాయి. ఆడవాళ్లు ముక్కులు తుడుచుకోవడం కూడా మరిచి కూర్చున్నారు. ఇంత గొప్పగా పాడేవాడికి ఇల్లు లేకుండా పోతుందా, ఎవరో ఒకరు అడ్డం పడరా అని నేను లోపల్లోపల అనుకున్నాను. పిల్లదాన్ని కదా.

సోల పట్టుకుని ఇంటింటికీ తిరిగే చరణం ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే సైరన్ కూసింది.

మా బాపు చరణం మధ్యలో ఆగాడు. రెండు చేతులూ వాటంతట అవే పైకి లేచి కిరీటం తీశాయి. దాన్ని ముందుకు చాపి నిలబడ్డాడు. ఏళ్ల తరబడి పడిన అలవాటు, చేతులకేం తెలుసు పని పోయిందని? ఒక్క క్షణం తర్వాత ఆయనకు గుర్తొచ్చింది. ఆ గుర్తు రావడం నేను చూశాను. పోవలసిన డ్యూటీ లేదు, అందుకునే మనిషి లేడు. కానీ తీసిన కిరీటం మళ్లీ పెట్టుకోకూడదు, కింద పెట్టకూడదు. ఆ అట్టముక్క పట్టుకుని మా బాపు అందరి ముందూ అట్లా నిలబడిపోయాడు. చిరుతలు ఆగిపోయాయి. చిచ్చా హార్మోనియం మాత్రం ఆ చరణాన్నే తిప్పుతోంది.

అప్పుడు పందిరి వెనక నుంచి మా మామ వచ్చాడు. పొద్దున షిఫ్టు దిగి వచ్చిన బొగ్గు మొహం. షిఫ్టు నుంచి కాస్త ముందే బయటపడి, గుంజ చాటున నిలబడి ఉన్నట్టున్నాడు. ముందు బల్ల మీది పెద్దలు లేచారు. ఒకాయన చేయి అడ్డం పెట్టబోయాడు. అప్పుడు హార్మోనియంతో పాటు ఎవరో చప్పట్లతో తాళం వేయడం వినిపించింది. తిరిగి చూస్తే మా అమ్మ. తల ఎత్తలేదు, ఎవరి వైపూ చూడలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని తాళం వేస్తోంది. ఆమె పక్కన ఉన్న ఆడవాళ్లు కూడా అందుకున్నారు. అడ్డం వచ్చిన పెద్దమనిషి కాసేపు చూసి, నేల వైపు మొహం పెట్టి తన చిరుతలు తీసి తాళం కలిపాడు. మామ వచ్చి మా బాపు కాళ్లకు మొక్కాడు. లేవడానికి చాలాసేపు పట్టింది ఆయనకు. లేచి కిరీటం అందుకున్నాడు, చరణం ఆగిన చోటు నుంచి ఎత్తుకున్నాడు.

ఇది ఎవరైనా అల్లిన కథ అయితే ఇక్కడితో ఆపేయవచ్చు. నేనూ ఇక్కడితోనే ఆపాలని ఎన్నోసార్లు అనుకున్నాను.

కిరీటం ఇచ్చేసిన మా బాపు పందిరిలో కూర్చోలేదు. వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. మంచినీళ్లకు పోతున్నాడేమో అనుకుని నేను వెనకాలే పోయాను. కుండ దాటిపోయాడు. మా ఇంటి మలుపు కూడా దాటాడు. బుగ్గల మీద ఎర్రరంగుతో, కాళ్లకు గజ్జెలతో, బాయి దారి పట్టి గబగబా నడుస్తున్నాడు, ఆలస్యమైపోయినవాడిలా. నేను పిలిచాను. వినిపించలేదో, వినలేదో. గేటు దగ్గరికి వెళ్లాకే ఆగాడు.

మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు ఆయన పక్కనుంచే లోపలికి పోతున్నారు. నిన్నటిదాకా రాజుగారూ అని ఆడుకున్నవాళ్లే. ఒక్కరూ మొహం చూడలేదు. గేటు దగ్గరి జవాను మా బాపును బాగా ఎరిగినవాడు. పో అనలేదు, రా అనలేదు. టోపీ సర్దుకుంటూ పక్కకు తిరిగాడు. మా బాపు చెమటకు రంగు కరిగి గడ్డం మీదికి కారుతోంది. కింద నుంచి చూస్తున్న నాకు అది రక్తంలా కనిపించి ఏడుపు వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు నన్ను చూశాడు.

“ఎందుకొచ్చినవ్ బిడ్డా?” అన్నాడు మెల్లగా.

గేటు మూశారు. కాలనీ వైపు నుంచి గాలికి హార్మోనియం, చిరుతల మోత కలిసి వస్తున్నాయి. మా బాపు కాసేపు చెవి పెట్టి విన్నాడు. ఆయన వేలు నా అరచేతిలో తాళం వేస్తూ ఉంది.

“ఇను. మీ మామ తాళం తప్పుతలేడు.”

అంతే అన్నాడు. నన్ను ఎత్తుకుని వెనక్కి నడిచాడు. అంత పెద్దపిల్లను ఎందుకు ఎత్తుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

దీపాలు పెట్టేవేళకు చిచ్చా మా ఇంటికి వచ్చాడు. ఆ ఏర్పాటంతా ఆయనదే అని అప్పుడు తెలిసింది. సైరన్ వేళకు ఆ చరణం పడేలా పొద్దుటి నుంచి ఆటను సాగదీసింది ఆయనే, మామను గుంజ చాటున నిలబెట్టింది ఆయనే. పెద్దల మాట కాదనలేడు, మామను పిలువు అని మా బాపును అడగలేడు. మా బాపు చేతులు మాత్రం తన మాట వింటాయని ఆయనకు తెలుసు. రోజూ ఆ చేతుల్లో దీపం పెట్టినవాడు కదా. అంత ఉపాయం పన్నిన మనిషి మా గడపలో కూలబడి, మా బాపు కాలి గజ్జెల వైపు చూస్తూ కూర్చున్నాడు. మా అమ్మ నీళ్లు ఇస్తే తాగలేదు. నన్ను దగ్గరికి తీసుకుని, నాతోనే అన్నాడు, నేనే ఇంటికి పెద్దదాన్ని అయినట్టు.

“మీ బాపు చేతులు యాదికున్నయ్ బేటీ. కాళ్లు యాదికి రాలే.”

వానలు పడకముందే మేము క్వార్టరు ఖాళీ చేశాం. మా బాపు ఇటుకబట్టీల్లో పనిచేశాడు, ఏవేవో పనులు చేశాడు, బాయి మాత్రం మళ్లీ దిగలేదు. మామ మా ఇంటికి వచ్చి పోయేవాడు. ఇద్దరూ కలిసి పాడేవాళ్లు, కలిసి తినేవాళ్లు, సమ్మె మాట మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. చివరికి మా బాపు పాడె మోసింది కూడా మామే. ఆట ఒక మనిషికి మనిషిని తిరిగి ఇచ్చింది, కాదనను. గేటు మాత్రం తెరవలేకపోయింది. ఆట గొప్పదని ఎవరైనా నా ముందు ఉపన్యాసం మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. గొప్పదే. ఆ గొప్పతనం తిని బతికినవాళ్లు ఎవరో, దాన్ని ఆడి బట్టీల్లో మాడిపోయినవాళ్లు ఎవరో నాకు తెలుసు.

ఆ కాలనీ ఇప్పుడు లేదు. పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గుంతలో కలిసిపోయింది. పందిరి వేసిన చోట అడుగు కనిపించనంత లోతు. మొన్న ఎన్నికలకు మా వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. మైకులో మా బాపు చరణం. సోల పోయింది, పొయ్యి పోయింది, వాటి చోట ఒక నాయకుడి పేరు పెట్టారు. పాడుతున్నది ఎవరనుకున్నారు? మా మనవడే. ఉయ్యాలలో నేను నేర్పిన పాట. సాయంత్రం ఇంకో జెండా కట్టిన ఆటో, అదే గొంతు, అదే చరణం, ఇంకో పేరు. వాడు ఇంటికి రాగానే తిట్టాను. ఎవరు గెలిస్తే ఏంటి అమ్మమ్మా, ఇద్దరూ పర్మినెంటు చేయిస్తామన్నారు అన్నాడు. వాడి గొంతులోనూ అదే జీర. అచ్చం మా బాపే.

ఆ పాటకు వీధి వీధంతా ఆడింది. నీళ్ల బిందెలు దించి ఆడవాళ్లు, డ్యూటీ నుంచి వచ్చిన మగవాళ్లు, ఎంత చక్కగా ఆడారో. అందులో ఒక్కరు కూడా ఆ పేర్లను నమ్మలేదు. నమ్మకం పోయిన చోట పాట కూడా పోతుందని ఒకప్పుడు అనుకునేదాన్ని. పోదు. అదే నాకు ఇప్పుడు ఎక్కువ భయం. గుమ్మంలో నిలబడి తిడుతున్న నేను కూడా చేతులతో తాళం వేస్తున్నానని కాసేపటికి గానీ గమనించలేదు.

ఇద్దరిలో ఎవరో ఒకరు గెలిచారు. అప్పటి నుంచి మా మనవడు రోజూ పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గెలిచినాయన ఇంటి గేటు ముందుకు పోతున్నాడు. మొన్న నేను మోకాళ్ల నొప్పితోనే వెనకాల పోయాను. వాడిలాంటి పిల్లలు ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. లోపలి నుంచి ఎవరూ రాలేదు. వాడు కూనిరాగం తీస్తూ గేటు ఊచల మీద వేళ్లతో వాయిస్తున్నాడు. నన్ను చూసి, ఎందుకొచ్చినవ్ అమ్మమ్మా అన్నాడు.

ఇంటికి పోదాం పా అని చెప్పడానికే అంత దూరం నడిచాను. తీరా వాడి మొహం చూశాక ఆ మాట రాలేదు.

“తాళం తప్పుతలేవు బిడ్డా,” అన్నాను.

వాడికి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.